గుట్టకూ ఒక బఫర్ గీయండి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

మున్సిపల్, పట్టణాభివృద్ధి శాఖ మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ లేఖ నేరుగా మీకే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఎవరైనా చెరువు పూడిస్తే అడగడానికి నిండు నీటి మట్టపు హద్దు ఎఫ్‌టీఎల్ ఉంది, దాని చుట్టూ ఏమీ కట్టకూడని బఫర్ ఉంది, ఇప్పుడు ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కూడా ఉంది. చెట్టు కొట్టేస్తే నీరు, నేల, చెట్ల రక్షణకు వచ్చిన వాల్టా చట్టం ఉంది. అదే స్థలంలోని రాతిగుట్టకు రంధ్రాలు వేసి, మందు పెట్టి పేల్చి, కంకర కొట్టి లారీల్లో పంపేస్తే? దాన్ని సైట్ చదును చేయడం అంటారు, లేదా సెల్లార్ తవ్వకం అంటారు. సీనరేజీ (ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) కడితే ఫైలు పూర్తయినట్టే.

ఈ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల గట్టిపడిన గ్రానైట్ ఇది. పైపొరలు కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్ళ వెంట నీరు, ఎండ పనిచేసి మూలలు అరగదీస్తే, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడింది. చెరువులో పూడిక తీయవచ్చు, చెట్టును మళ్ళీ నాటవచ్చు. పేల్చిన గుట్టను ఏ బడ్జెట్టూ తిరిగి తేలేదు.

ఒకప్పుడు మన నగర ప్రణాళికకు ఈ సంగతి తెలుసు. 1981 నాటి హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద పాత కట్టడాలతో పాటు కొన్ని రాతిగుట్టలకూ వారసత్వ హోదా వచ్చింది. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు రాయి, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఆ జాబితాలోవే. 2015లో అప్పటి ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. ఈ మార్పుల తర్వాత పాత జాబితాలోని ఏ గుట్టకు ఏ చట్టం కింద రక్షణ ఉందో సర్వే నంబర్లతో సహా ప్రకటించండి. ఇది నా మొదటి విన్నపం.

ఆ జాబితా గురించీ ఒక మాట చెప్పాలి. ఏదో ఒక ఆకారంలో కనిపించి పేరు తెచ్చుకున్న రాళ్ళే అందులో ఎక్కువ. ఎలుగులా కనిపించిన రాయి బతికింది, దేనిలాగా కనిపించనిది కంకరైంది! రాళ్ళ మీద ఎండ కాచుకునే తొండకు ఆకారంతో పనేముంది? బండల అంచుల మీద గుడ్లు పెట్టే పెద్ద గుడ్లగూబకైనా, వాన వెలిశాక గుంతల్లో నిలిచే నీటి మీద బతికే జీవులకైనా కావాల్సింది గుట్ట మొత్తం, దాని చుట్టూ ఉండే పొదలు, సీతాఫలం చెట్లు. 2025లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు చదును చేయడం మీద రేగిన గొడవలో పుట్టగొడుగు రాయిని కాపాడతామని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ చెప్పింది. సంతోషమే. కానీ టవర్ల మధ్య కంచె వేసి ఉంచిన ఒంటి రాయి ఫొటోలకు పనికొస్తుందేమో గానీ, అక్కడి జీవాలకు నిలువ నీడ ఇవ్వదు.

ఇంకో సంగతి. గుట్ట మీద పడిన వాన జారి వచ్చేది కింది చెరువుకే. నీళ్ళ చుట్టూ బఫర్ గీసి, ఆ నీళ్ళు వచ్చే చోటును వదిలేయడం ఏం ప్రణాళిక?

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) మాస్టర్ ప్లాన్ 2050 తయారవుతోంది. ప్రతి రాతిగుట్టకూ హద్దు గుర్తించి, చుట్టూ బఫర్‌తో ప్రత్యేక జోన్‌గా అందులో చూపించాలి. నిర్మాణ అనుమతి దరఖాస్తులో స్థలంలోని బండలను నక్షా మీద చూపడం తప్పనిసరి చేయాలి. పేల్చాలంటే విడిగా అనుమతి ఉండాలి. పట్టా భూమిలో గుట్ట ఉన్న యజమాని నష్టపోకూడదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి ఇస్తున్న టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) అతనికీ ఇవ్వండి. ఇది లేకుండా ఎన్ని నిబంధనలు రాసినా రాత్రిపూట పేలుళ్ళు ఆగవు.

కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. జీవవైవిధ్య చట్టం, 2002లోని 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలతో సంప్రదించి జీవవైవిధ్య వారసత్వ స్థలాలను ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది. 2016లో అమీన్‌పూర్ చెరువుకు ఈ హోదా ఇచ్చింది మన రాష్ట్రమే. అదే పని ఖాజాగూడ గుట్టలతో మొదలుపెట్టండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రజల ముందుకు వచ్చేనాటికి గుట్టల పటం అందులో ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు