నూనె సీసాల తీర్మానం

చిత్తూరు,
సంక్రాంతి వెళ్ళిన వారం, 2026

ఒరే మామా,

మొన్న ఫోన్లో సగంలో లైను తెగిపోయింది కదా, మళ్ళీ చేద్దామనుకునే లోపల బస్సు దిగాల్సి వచ్చింది, ఆ తర్వాత మరిచేపోయాను. నువ్వడిగిన మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "ఇంతకీ రోజంతా ఆ మున్సిపాలిటీలో ఏం చేస్తావురా?" అన్నావు. నవ్వుతూనే అన్నావులే, కానీ నాకూ వెంటనే జవాబు తోచలేదు. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందే చెప్తున్నా, నేను పనిచేసే ఊరి పేరు ఇందులో రాయను. నీకెటూ తెలుసు. ఇక్కడి నుంచి పల్లెవెలుగులో గంట. కిటికీ పక్కన సీటు దొరికితే మామిడి తోటలు, దొరక్కపోతే పక్కవాడి భుజం.

నిన్నమొన్నటి దాకా రెవెన్యూ సెక్షన్‌లో ఉన్నాను కదా. అదే నయం అనిపించేది. జనం వస్తారు, తిడతారు, పన్ను కట్టి పోతారు. 2021 ఏప్రిల్‌లో ఇంటి పన్నును అద్దె లెక్క నుంచి ఆస్తి విలువ లెక్కకు మార్చినప్పుడు తిన్న తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఏడాదికి 15 శాతం మించి పెరగదు అని చెప్తే, "పెరగదు అంటావేంది సార్, పెరిగిందిగా" అని ఒక పెద్దాయన కౌంటర్ ముందే కూర్చుండిపోయాడు. ఆయన చెప్పిందీ నిజమే. ఎంత చెప్పినా అది జనంతో పని. గొడవ ఉన్నా పొద్దు గడిచిపోయేది.

ఆ తర్వాత నన్ను కౌన్సిల్ సెక్షన్‌కు మార్చారు. ఒక టేబుల్, ఒక కంప్యూటర్, 1965 నాటి మున్సిపాలిటీల చట్టం పుస్తకం అట్ట ఊడినది ఒకటి, బీరువా నిండా మినిట్స్ పుస్తకాలు. పని ఏమిటంటే నెలకోసారి జరిగే కౌన్సిల్ మీటింగ్‌కు అజెండా తయారుచెయ్యడం, అది జరిగాక తీర్మానాలు రాయడం. మేనేజర్ ఆ రోజు భుజం తట్టి, "ఇంక నీకు ప్రశాంతత" అన్నాడు. పనిష్మెంటు ఇచ్చేటప్పుడు కూడా అట్నే తడతారు లే.

తిరుపతి మున్సిపాలిటీ 1886లో పుట్టింది, మన చిత్తూరు 1917లో. ఇప్పుడు రెండూ కార్పొరేషన్లు, చెరి యాభై డివిజన్లు, మేయర్లు, కార్పొరేటర్లు. మా ఊరికి అంత హంగు లేదు. వార్డులు, కౌన్సిలర్లు, చైర్‌పర్సన్. కానీ అజెండా కాగితం తెచ్చి పక్కపక్కన పెట్టు, అంకెల్లో సున్నాలు తీసేస్తే అన్నీ ఒకే రకం. ఫలానా వీధిలో కాలువ పూడిక తీయడానికి ఇంత. బోరు మోటారు కాలిపోతే రీవైండింగ్‌కు ఇంత, ఇది ముందే చేసేసిన పని కాబట్టి ర్యాటిఫికేషన్ నిమిత్తం. బ్లీచింగ్ పౌడర్ ఇన్ని బస్తాలు. డైలీ మార్కెట్ ఆశీలు, అంటే అంగళ్ళ దగ్గర రుసుం వసూలు చేసుకునే హక్కు, దాని వేలం, గత మూడేళ్ళ సరాసరి మీద సర్కారువారి పాట. ఎండాకాలం ట్యాంకర్ల బాడుగ. జాతరకు తాత్కాలిక లైట్లు. ఇవన్నీ ఒక్కో సెక్షన్ నుంచి నోట్‌గా వస్తాయి, నేను వాటిని అజెండా భాషలోకి మారుస్తాను. మోటారు కాలింది అని అసిస్టెంట్ ఇంజనీరు రాస్తే నేను "మరమ్మతుకు గురైనందున ప్రజలకు తాగునీటి ఇబ్బంది కలుగకుండా" అని మొదలుపెట్టి ఆరు లైన్లు లాగి "కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం" అని ముగించాలి. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఇంట్లో కూడా అట్లే వస్తోంది. మొన్న మిక్సీ చెడిపోతే మీ చెల్లెమ్మతో అదే భాషలో మాట్లాడాను, చట్నీ లేకుండానే దోసె పెట్టింది.

అజెండా ప్రింటయ్యాక అటెండర్ సైకిలేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చి సంతకాలు తెస్తాడు. కొందరు ఇంట్లో ఉండరు, భర్తలు సంతకం పెడతామంటారు. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్ళవి కదా, ఆ సగంలో ఎంతమంది ఇళ్ళల్లో అజెండా ఎవరి చేతికి పోతుందో మా అటెండర్‌ను అడుగు చెప్తాడు. ఒక ఇంట్లో కుక్క ఉంది, అక్కడ గేటు మీది నుంచి విసిరి వస్తాడు. సంతకం మాత్రం ఎట్లో తెస్తాడు, నేను అడగను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

రెండు నెలల కిందటి మీటింగ్. నలభై ఆరు అంశాలు, పైన ఏడు టేబుల్ ఐటమ్స్, అంటే ఆఖరి నిమిషంలో చేర్చినవి. 2021 మార్చిలో గెలిచిన కౌన్సిల్ ఇది, వచ్చే మార్చితో అయిదేళ్ళు నిండుతాయి కదా, అందుకని ప్రతి ఒక్కరికీ తమ వీధి సిమెంటు రోడ్డు ఇప్పుడే కావాలి. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా టైపు చేశాను, చివరి బస్సు కోసం ఒక కన్ను గడియారం మీద పెట్టుకుని. అందులో ముప్పై ఒకటో అంశం పారిశుద్ధ్య కార్మికులకు సబ్బులు, కొబ్బరినూనె. కాలువల్లో చేతులు పెట్టే పని కదా, వాళ్ళకు సబ్బు, నూనె, చెప్పులు ఇవ్వాలి. 118 మంది, నెలకో సీసా చొప్పున మూడు నెలలకు 354 సీసాలు. సీసా అరవై రూపాయలు.

నేను 3,540 అని కొట్టాను.

పక్క గడిలో మొత్తం దానంతటదే లెక్కేసుకుని 21,240 కావలసింది 2,12,400 అయి కూర్చుంది. కంప్యూటర్ అంతే, తప్పును కూడా చాలా పద్ధతిగా చేస్తుంది. మేనేజర్ చూశాడు, కమిషనర్ సంతకం పెట్టాడు, అటెండర్ పంచాడు, కుక్క ఉన్న ఇంటితో సహా.

మీటింగ్ పదకొండుకు. పదకొండు నలభైకి మొదలైంది. అంశాల్లోకి పోకముందే కుక్కల గొడవ లేచింది. ఒకాయన వార్డులో పిల్లవాడిని కరిచింది, ఆయన కోపంలో అర్థముంది. "పట్టుకుపోయిన కుక్కల్నే మళ్ళా తెచ్చి మా వీధిలోనే వదుల్తా ఉండారు, ఇదేం న్యాయం?" అన్నాడు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ లేచి, కు.ని. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, 2001 నుంచీ రూల్ అదే, 2023లో వచ్చిన కొత్త రూల్స్‌లోనూ అదే అని చెప్పాడు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గర పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని సుప్రీంకోర్టు నవంబరులో చెప్పిందని కూడా అన్నాడు. "అయితే మిగతావాటిని మీ ఇంటి ముందర వదలండి" అని ఇంకొకాయన. దాని మీద నవ్వులు, అరుపులు. మన పక్క కోపం ముదిరితే సగం మాట అరవంలోకి పోతుంది కదా, అక్కడా పోయింది. మినిట్స్‌లో అదెట్లా రాయాలో ఆ 1965 పుస్తకంలో లేదు. ప్రతిపక్షం వాకౌట్ చేసింది, కారిడార్లో కాఫీ తాగి తిరిగొచ్చింది. మొత్తం గంటా యాభై నిమిషాలు.

భోజనాల వేళ దగ్గర పడేసరికి అందరికీ అజెండా గుర్తొచ్చింది. నేను నంబర్లు చదవడం, ముందు వరసలో వాళ్ళు "ఆమోదం, ఆమోదం" అనడం. చదివే వేగం ఎట్లుంటుందంటే బస్టాండ్‌లో అనౌన్స్‌మెంటు చేసేవాళ్ళు నయం. ఇరవై ఎనిమిది ఆమోదం. ఇరవై తొమ్మిది ఆమోదం. ముప్పై. ముప్పై ఒకటి.

"సార్, నూనె సీసాలు..." అని వెనకవరస నుంచి ఒక గొంతు.

ఆమె ఎవరంటే, బజారు వీధి వెనక చిల్లరకొట్టు నడిపే కౌన్సిలరమ్మ. అరవై దాటి ఉంటాయి. మొదటిసారి గెలిచింది, నేను ఈ సెక్షన్‌కు వచ్చాక ఆమె మైకు పట్టుకోవడం చూడలేదు. ఆమె మైకు బటన్ నొక్కడం తెలియక మామూలుగా మాట్లాడింది, సగం మందికి వినపడలేదు. వినపడినవాళ్ళు నవ్వారు. "నూనె సంగతి తర్వాత చూద్దాం లేమ్మా, పాపం పనోళ్ళకు ఇచ్చేది" అన్నాడు ఎవరో. ఆమె కాగితం మీద వేలు పెట్టి అట్లే నిలబడింది, కాసేపటికి కూర్చుంది. నేను ముప్పై రెండు చదివాను. నలభై ఆరూ, ఏడు టేబుల్ ఐటమ్సూ కలిపి ఆరు నిమిషాల్లో అయిపోయాయి. పప్పు, అప్పడం, చికెన్.

ఆ రాత్రి ఇంటికొచ్చి మినిట్స్ చిత్తుప్రతి రాస్తున్నా. "సభ వారు విషయమును కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అని ముప్పై ఒకటి దగ్గర రాస్తూ రాస్తూ, ఆమె వేలు గుర్తొచ్చింది. పైకి వెళ్ళి అంకె చూశాను. ఒరే, చెమట్లు పట్టాయి. 118 మందికి మూడు నెలలకు మూడు వేల అయిదు వందల నలభై సీసాలు. ఒక్కొక్కరికి ముప్పై. కాలువ తీసే మనిషి స్నానమే చెయ్యాలి ఆ నూనెతో.

నువ్వు అంటావు, టైపు తప్పే కదా, దిద్దేస్తే పోయె అని. అట్లా కాదు మామా. సభ ఆమోదించిన అంకెను గుమాస్తా దిద్దకూడదు. ఈరోజు సున్నా తీసేస్తే రేపు సున్నా కలుపుతాడు, అందుకే. అలాగని ఊరుకుంటే, సరుకు తెప్పించేటప్పుడు హెల్త్ సెక్షన్ వాళ్ళ ఇండెంట్‌లో, అంటే కావలసిన సరుకు పట్టీలో, 354 అనే ఉంది కాబట్టి నిజానికి అంత నూనె రాదు, కానీ తీర్మానం ఒకటీ కొనుగోలు ఒకటీ అని ఆడిట్ వాళ్ళు అభ్యంతరంగా ఒక పేరా రాస్తారు, నేను రిటైరయ్యాక కూడా దానికి జవాబు రాస్తూ కూర్చోవాలి. ఇంకో భయం కూడా ఉంది, చెప్తే తప్పేముంది. ఆ పెద్ద తీర్మానం చేతిలో ఉంటే, దాన్ని చూపించి బిల్లు పెట్టుకునే మనిషి ఎక్కడో ఒకచోట ఉండకపోడు.

ఆ రాత్రంతా టెన్షన్. తెల్లవారి మేనేజర్‌కు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేనూ సంతకం పెట్టినా కదరా" అన్నాడు. అంతే, తిట్టలేదు. కమిషనర్ మాత్రం నాలుగు అంటించాడు, అవి నాకు రావలసినవే. చివరకు తేలిందేమంటే, వచ్చే మీటింగ్‌లో సవరణ అంశంగా పెట్టాలి.

పోయిన మీటింగ్‌లో పెట్టాం. "ముప్పై ఒకటవ అంశమునందు టైపు పొరపాటున 3,540గా నమోదైన సీసాల సంఖ్యను 354గా సవరించుటకు." ఇక చూడాలి! రెండు లక్షలు అని వినగానే సభ లేచి నిలబడింది. స్కామ్ అన్నారు. ఎవరి కోసం పెట్టారు ఆ సున్నా అన్నారు. ఒకాయన "ఈ నూనె ఎవరి తలకు రాద్దామనుకున్నారు" అని అడిగి అందరి వంకా చూశాడు, మరుసటి రోజు పేపర్లో వచ్చింది ఆ మాట. అంతకు ముందు మీటింగ్‌లో ఆయనే ముందు వరసలో కూర్చుని ఆమోదం అన్నాడు, పక్కనే నిలబడి చదివింది నేనే కదా. తప్పుకు అర సెకను పట్టింది, దిద్దుబాటుకు నలభై నిమిషాలు. నేను తల వంచుకుని నిలబడ్డాను. తప్పు నాది, అందులో వాదన లేదు. కానీ కాగితం అందరి ఇళ్ళకూ పోయింది కదా అని లోపల మాత్రం ఉడికిపోయాను.

అప్పుడు ఆ కౌన్సిలరమ్మ లేచింది. ఈసారి పక్కనున్నామె మైకు బటన్ నొక్కి పెట్టింది. "నేను ఆ పొద్దే అడిగితిని. మా కొట్లో నెలకు అయిదు డజన్ల సీసాలు పోతాయి, అంతే. ఈ లెక్కన వీళ్ళకు కొనేది నేను అయిదేళ్ళు అమ్మాల. అది చెప్దామనే లేస్తిని, మీరంతా నవ్వితిరి" అని కూర్చుంది. అంతే మాట్లాడింది. హాల్లో కాసేపు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చైర్‌పర్సన్ గొంతు సవరించుకుని "ఆమోదం" అన్నారు. నేను ఇంటికొచ్చి లెక్కేసి చూశాను, నెలకు అరవై సీసాలు, 3,540కి యాభై తొమ్మిది నెలలు. నోటి లెక్క రా!

మీటింగయ్యాక ఆమె మా సెక్షన్‌కు వచ్చింది. నేను లేచి, "తప్పయిపోయిందమ్మా, ఆ రోజు మీరు చెప్పినప్పుడే నేను ఆగాల్సింది" అన్నాను. ఆమె ఆ సంగతే ఎత్తలేదు. "నాకు అక్షరం కూడబలుక్కుని చదవాల నాయనా, కొట్టు కట్టేసినాక లైటు కింద కూర్చుంటా. మీ కాగితం ముందు రోజు రాత్రికి వస్తే నాకు సగమే అవుతాది. ఒక రెండు రోజులు ముందర పంపిస్తావా?" అంది. ముందు రోజు రాత్రికి వెళ్ళిందంటే అది మా అటెండర్ తప్పు కాదు, నేను అతని చేతికి ఆలస్యంగా ఇవ్వడం వల్లే. అదీ నా ఖాతాలోదే.

ఇప్పుడేం చేస్తున్నానంటే, ఆమె కాపీ ఒకటి పెద్ద అక్షరాల్లో విడిగా ప్రింట్ తీస్తున్నా. పేజీలు రెట్టింపవుతున్నాయి, మేనేజర్ చూసీ చూడనట్టు పోతున్నాడు. ఫిబ్రవరి అజెండా బరువైంది, బడ్జెట్ ఉంది, ఆశీలు వేలం ఉంది, అంకెలన్నీ నేనే రెండుసార్లు చేత్తో కూడుతున్నా.

అన్నట్టు, గ్రీమ్స్‌పేటలో మొన్న మీ అమ్మ కనిపించింది. ఇంటి పన్ను కాగితం చూపించి ఎప్పుడు కట్టాలి నాయనా అని అడిగింది. ఏప్రిల్‌లో కట్టమన్నాను, ఏడాది మొత్తం ఒకేసారి ఏప్రిల్ 30 లోపల కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. నువ్వు అక్కడి నుంచి ఫోన్లో కట్టేస్తానని మార్చిలోనే తొందరపడకు. మామిడికాయ సీజన్‌కన్నా వస్తావా, లేదా? వస్తే ఒకరోజు నాతో ఆఫీసుకు రా, కౌన్సిల్ ఉండదు లే అప్పటికి, ఖాళీ హాలు చూపిస్తా, వెనకవరసలో ఆమె కుర్చీ కూడా.

పదిన్నరయింది. పొద్దున ఏడున్నర బస్సు పట్టుకోవాలి, ఆమె కాపీ రేపు సాయంత్రానికల్లా ఇంటికి చేరాలి.

ఇట్లు,
నీ మామ