కేనపీ పగలకపోతే చాలదు, తెరుచుకోవాలి

సంపాదకులకు,

సముద్రంలో జరిగే పవర్‌బోట్ పందాల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా ఉంటోంది: కాక్‌పిట్ (సిబ్బంది కూర్చునే గది) మీద యుద్ధ విమానం తరహా కేనపీ (గట్టి పారదర్శక మూత) ఉంది కాబట్టి లోపలివాళ్లకు ప్రాణభయం లేదని. ఈ కాక్‌పిట్లను కట్టే, తనిఖీ చేసే పనిలో ఉన్న మాకు ఆ మాట సగమే నిజమని తెలుసు. మిగతా సగం కూడా మీ పాఠకుల ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

ఒకప్పుడు ఈ పడవల్లో డ్రైవరు, ఇంజను వేగాన్ని పెంచి తగ్గించే త్రాటిల్ చూసే మనిషి, నావిగేటరు పైకప్పు లేనిచోట మెత్తలకు ఆనుకుని నిలబడి వెళ్లేవారు. పడవ తిరగబడితే దూరంగా విసిరిపడటమే వాళ్లకున్న రక్షణ. వేగం పెరిగేకొద్దీ ఆ రక్షణ కూడా పోయింది. 1987 ఆగస్టు 23న ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దగ్గర ఫార్ములా వన్ మాజీ డ్రైవరు దిదియే పిరోనీ పడవ ఒక ఓడ వెనక లేచిన అల మీద తిరగబడి ముగ్గురు సిబ్బందీ చనిపోయారు. 1990 అక్టోబరు 3న మొనాకో సమీపంలో ఈ పందాల్లో ప్రపంచ విజేత స్తెఫానో కసిరాగీ మరణించాక నిబంధనలు బిగిశాయి. అప్పటికే అమెరికాలో కొందరు ఎఫ్-16 యుద్ధ విమానాల కేనపీలు తెచ్చి పడవలకు బిగించడం మొదలుపెట్టారు. వాటితో ఎందరో బతికారు, అది కాదనలేం. కానీ కేనపీలు వచ్చి ఏళ్లు గడిచాక, 2011 నవంబరులో అమెరికాలోని కీ వెస్ట్ ప్రపంచ పోటీల్లో ఒకే వారంలో రెండు వేర్వేరు ప్రమాదాల్లో ముగ్గురు చనిపోయారు.

నీళ్లు కేనపీని ఎంత బలంగా కొడతాయో ముందు చూద్దాం. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పడవ అణియం (ముందు కొన) అలలోకి దిగబడితే, నీటికి ఎదురుగా నిలిచిన భాగం మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల ఒత్తిడి పడుతుంది. అంటే అరచేయంత చోటు మీదే దాదాపు ఒక టన్ను. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కేనపీని బాగా వాల్చి కట్టేది అందుకే. నిటారుగా నిలబెట్టిన అద్దం ఆ దెబ్బంతా తనమీదే వేసుకుంటుంది. యుద్ధ విమానం కేనపీని పక్షి వచ్చి తగిలినా తట్టుకునేలా చేస్తారు. అది ఒకచోట క్షణంలో తగిలే దెబ్బ. పడవ కేనపీకి మాత్రం నీళ్లు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్కసారిగా మీదపడతాయి. అప్పుడు ఓడిపోయేది చాలాసార్లు అద్దం కాదు, దాని అంచు.

ఆ అంచు దగ్గర జరిగే తప్పులు చిన్నవిగానే కనిపిస్తాయి. అద్దాన్ని బయటి నుంచే కూర్చోబెట్టాలి, లోపలి వైపు చట్రం అంచు దానికి ఆసరాగా ఉండాలి. అలా ఉంటే నీళ్లు తోసేకొద్దీ అద్దం చట్రానికే అదుముకుంటుంది. లోపలినుంచి బిగిస్తే బరువంతా బోల్టుల మీద పడుతుంది. ఇక ఎండ సంగతి. అద్దంగా వాడే పాలీకార్బొనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) పలక మీటరు పొడవుంటే 40 డిగ్రీల తేడాకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, దాన్ని పట్టుకున్న కార్బన్ ఫైబర్ చట్రం మాత్రం దాదాపు కదలదు. కాబట్టి రంధ్రం బోల్టుకన్నా వెడల్పుగా ఉండాలి, మధ్యలో రబ్బరు వాషరు ఉండాలి. బిగువుగా తొలిచిన రంధ్రం నుంచే వెంట్రుక లాంటి పగులు మొదలవుతుంది. అక్రిలిక్ పలక అయితే దెబ్బకు పదునైన ముక్కలవుతుంది, పాలీకార్బొనేట్ వంగి తట్టుకుంటుంది. ఆ గుణం నిలవాలంటే దాన్ని పెట్రోలుతో, అసిటోన్‌తో, అమ్మోనియా కలిసిన అద్దాల ద్రావణంతో తుడవకూడదు. బోల్టు వదులవకుండా మరలకు పూసే జిగురు కూడా దానికి విషమే. అది తగిలినచోట పలక లోలోపల చిట్లుతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. వేలికి తగలని ఆ చిట్లు ఏటవాలుగా టార్చి వేసి చూస్తే కనబడుతుంది. ఏ మూలైనా అలా కనబడితే ఆ పలకను మార్చాల్సిందే, పాలిష్ చేసి సరిపెట్టకూడదు.

ఇంత గట్టిగా కట్టిన గది తలకిందులై నీళ్లలో ఉన్నప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది. 60 సెంటీమీటర్ల చదరం హ్యాచ్‌ను (బయటపడే తలుపును) లెక్కకు తీసుకోండి. అది నీటిమట్టానికి అర మీటరు దిగువన ఉండి, లోపల ఇంకా గాలే ఉంటే, బయటి నీళ్లు దాన్ని సుమారు 180 కిలోల బరువుతో నొక్కిపెడతాయి. బయటకు తెరుచుకునే హ్యాచ్‌ను ఆ స్థితిలో ఏ మనిషీ నెట్టలేడు. లోపల నీళ్లు నిండి ఒత్తిడి సమానమైతే అదే హ్యాచ్ ఒక్క చేత్తో తెరుచుకుంటుంది. కాబట్టి కాక్‌పిట్ ఎంత బిగువుగా ఉంటే బయటపడటానికి అంతసేపు ఆగాలి. ఆ ఆగేంతసేపూ ఊపిరి కావాలి.

అందుకే సిబ్బందికి గాలి సీసా ఉండాలి. అర లీటరు సీసాలో 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడితో నింపిన గాలి, బయట కొలిస్తే 100 లీటర్లు. భయంలో మనిషి నిమిషానికి 40 లీటర్లు పీల్చినా రెండున్నర నిమిషాలు వస్తుంది. సరిపోతుంది, సీసా నిండుగా ఉంటేనే. సీసా మీదున్న ఒత్తిడి మీటరు ముల్లు చూడకుండా పడవను నీళ్లలోకి దింపడం క్షమించరాని నిర్లక్ష్యం. ఇంకొక మాట ప్రతి సిబ్బందికీ చెప్పాలి: సీసా గాలి పీల్చిన తర్వాత ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. ఒకటిన్నర మీటర్ల లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. ఊదుతూనే పైకి రావాలి.

బయటపడే క్రమం కూడా చాలామంది తలకిందులుగా నేర్చుకుంటున్నారు. పడవ ఆగగానే హార్నెస్ (సీటుకు కట్టే పట్టీలు) బకిల్ తిప్పేస్తే మనిషి తేలిపోతాడు, ఏది పైనో ఏది కిందో తెలియదు, హ్యాచ్‌ను నెడితే హ్యాచ్‌కు బదులు తనే వెనక్కి వెళ్తాడు. ముందు ఒక చేత్తో కదలని కడ్డీ పట్టుకోవాలి. సీసా గాలి పీల్చే మౌత్‌పీస్ నోట్లో పెట్టుకోవాలి. నీళ్లు నిండేదాకా ఆగి హ్యాచ్ తెరవాలి. పట్టిన చేయి వదలకుండా, ఆఖరున బకిల్ విప్పాలి. హెల్మెట్‌కు ఉన్న రేడియో తీగ చిన్న లాగుడుకే ఊడిపోయే ప్లగ్గుతో ఉండాలి. లేదంటే అన్నీ సరిగా చేసిన మనిషి కూడా ఆ తీగ దగ్గర ఆగిపోతాడు. కాటమరాన్ (జంట అడుగుల) పడవల్లో అడుగున, రెండు హల్‌ల (పడవ దేహాల) నడుమ సొరంగంలోకి ఇంకో హ్యాచ్ పెడితే పడవ తిరగబడ్డాక అదే పైకి వస్తుంది. మా దృష్టిలో పైహ్యాచ్ కన్నా దానిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

హార్నెస్ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ఆరు పట్టీలది, మెడకు ఆసరా ఇచ్చే హాన్స్ పరికరం తోడుగా, ఉప్పునీళ్లు తగిలిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగినది అయితే చాలు. ఎండకు రంగు వెలిసిన పట్టీని తీసి పారేయాలి.

నిర్వాహకులను మేం అడిగేది ఖర్చుతో కూడినది కాదు. పందెం ముందురోజు సిబ్బంది హెల్మెట్లు, చేతితొడుగులు వేసుకుని, హార్నెస్ బిగించుకుని, కళ్లకు గంతలతో తమ పడవ హ్యాచ్‌లను తెరిచి చూపాలి. కొలనులో తలకిందులు చేసే సాధన చేయనివారికి ప్రవేశం ఇవ్వకూడదు. రక్షణ డైవర్లను ప్రతి పడవ దగ్గరకూ తీసుకెళ్లి బయటి గొళ్ళేన్ని వాళ్లచేతే తిప్పించాలి. పడవకో రకం గొళ్ళెం ఉంటుంది: ఒకటి లాగితే వస్తుంది, ఒకటి నొక్కి తిప్పితే వస్తుంది. అది ఏ రకమో డైవరు బురదనీళ్లలో మొదటిసారి తడుముకుంటూ తెలుసుకునే పరిస్థితి రాకూడదు. గొళ్ళెం పక్కన తిప్పాల్సిన దిక్కు చూపే బాణం గుర్తు ముదురు రంగులో, పడవ అడుగు వైపునా పైవైపునా వేయించాలి. ప్రకటనల స్టిక్కర్లు దాని మీద అంటించనివ్వకూడదు.

ఇట్లు,
రేసింగ్ పడవల కాక్‌పిట్ల తయారీ, తనిఖీ పనిలో ఉన్న కొందరు