అపెండిక్సూ ఒకటే, కిడ్నీ బయాప్సీ కూడా ఒకటేనా?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో పాథాలజీ డాక్టర్ని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు తేల్చే పని మాది. నెలాఖరుకు మా ల్యాబ్ నుంచి పైకి పంపే ఫారంలో ఒకటే గడి: ఎన్ని శాంపిళ్లు చూశారు? పోయినేడాది ఆ అంకె తక్కువగా ఉందని మా టెక్నీషియన్లలో ఒకరిని వేరే విభాగానికి పంపేశారు. అందుకే ఈ ఉత్తరం.

అపెండిక్స్ వస్తే సాధారణంగా ఒకటి రెండు బ్లాకులు (ముక్కను మైనంలో పోసిన దిమ్మలు), అన్నే స్లైడ్లు. చూడటం నిమిషాల పని. కిడ్నీ బయాప్సీ, అంటే పరీక్షకు సూదితో తీసిన కిడ్నీ ముక్క, అగ్గిపుల్ల కన్నా సన్నం. దానికి మామూలు రంగుతో పాటు పాస్ (PAS), సిల్వర్, ట్రైక్రోమ్ అనే ప్రత్యేక రంగులు వేయాలి. ఇంకో ముక్కను ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ, కప్పా, లాంబ్డా అనే ప్రొటీన్ల కోసం చీకటి గదిలో ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద చూడాలి. ఉద్దానం మాట వచ్చినప్పుడల్లా డయాలసిస్ పడకల లెక్క తీస్తారు గానీ, ఈ స్లైడ్ల లెక్క ఎవరూ అడగరు.

పెద్దపేగు క్యాన్సర్ స్పెసిమెన్‌లో కనీసం 12 లింఫ్ గ్రంథులు దొరకాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు కొవ్వులో వేళ్లతో తడిమి ఏరాలి. ఇక ఫ్రోజెన్ సెక్షన్ (ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి కోసి చూసే పరీక్ష) అయితే, పేషెంట్ ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే ఇరవై నిమిషాల్లో మాట చెప్పాలి. ఆ టెన్షన్‌కు ఫారంలో గడి లేదు. పీజీలకు పాఠం చెప్పే గంటలకూ లేదు.

పోనీ స్లైడ్లు లెక్కపెడదామా? అదీ చిక్కే. స్లైడ్లకు మార్కులేస్తే రేపటి నుంచి అపెండిక్సుకూ ఆరు బ్లాకులు పెడతారు (మేమూ మనుషులమే). బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ స్పెసిమెన్ కష్టాన్ని బట్టి పాయింట్లు ఇచ్చే పద్ధతి పెట్టింది. అమెరికా 1988లో తెచ్చిన చట్టం కింద, పాప్ స్మియర్లు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను పసిగట్టే పరీక్ష స్లైడ్లు) చూసేవారికి రోజుకు 100 స్లైడ్లే పరిమితి. ఆ వందనూ కనీసం ఎనిమిది గంటలు తీసుకుని చూడాలి. అది గరిష్ఠం మాత్రమే, టార్గెట్ కాదు. మన దగ్గర ఇలాంటి అంకె వస్తే టార్గెట్ అయిపోతుందేమోనని నా భయం.

మూడు ఆసుపత్రుల్లో ఒక నెల పాటు డాక్టర్లు, టెక్నీషియన్లు ఏ రకం స్పెసిమెన్‌కు ఎంతసేపు పట్టిందో రాసిపెట్టేలా ఆదేశించండి. దాన్నిబట్టి ఒక్కో రకానికి ఎంత పనో లెక్క కట్టండి. అప్పటిదాకా శాంపిళ్ల అంకె చూసి ఇంకో టెక్నీషియన్ని కదపకండి. ఉన్న ఒక్కరూ సెలవు పెడితే బ్లాకులను పల్చగా కోసే మా మైక్రోటోమ్ యంత్రం ఆరోజు ఆగిపోతుంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాథాలజిస్టు