లాంతరు తాత సంగతి

కడప,
ఆదివారం రాత్రి

ప్రియమైన మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించు. ఇంట్లో అందరూ కులాసా. నాన్న మోకాలు నొప్పి తగ్గింది. ఉగాదికి దేవుని కడప వెళ్లాం, ఎప్పటిలాగే ముస్లిం కుటుంబాలు మనకంటే ముందే వరుసలో ఉన్నాయి. ఇక్కడితో వార్తలు సరి. ఈ రోజు మన లాంతరు తాత...

కాదు, మొదటినుంచీ చెప్పాలి.

నువ్వు పుణే వెళ్తూ, మనం పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని ఆ తాత పాత్రను నా చేతిలో పెట్టావు. లాంతరు పట్టుకుని వెనక నడవడం, ప్రమాదం పసిగడితే రెండుసార్లు దగ్గడం, అంతే ఆయన పని. నేనేమో ఆయన మీద ప్రేమకొద్దీ, జట్టుకు లెవెల్ పెరిగినప్పుడల్లా ఆయనకూ పెంచాను. అదీ నిజమైన యోధుడికి దక్కేవన్నీ ఇస్తూ! 5వ లెవెల్‌కు వచ్చేసరికి తాత ఒక్క వంతులో రెండు దెబ్బలు కొడుతున్నాడు.

నీ కుర్చీలో ఇప్పుడు మా పిన్ని కూతురు కూర్చుంటోంది. విలుకత్తె పాత్ర తీసుకుంది. పోయిన నెల, కోట వాకిట్లో దొంగలు చుట్టుముట్టారు. తను ఇరవై ముఖాల పాచికను గుప్పిట్లో పట్టుకుని వంతు కోసం ఎదురుచూస్తోంది. తాత వంతు ముందు వచ్చింది. నేనే పాచిక వేశాను, నేనే దెబ్బలు లెక్కపెట్టాను, నేనే దొంగలను పడగొట్టాను. తన వంతు వచ్చేసరికి కొట్టడానికి ఒక్కడూ మిగల్లేదు. ఏమీ అనలేదు మామా. పాచికను డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ టక్కుమన్న చప్పుడు నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఆ మూడు రాత్రులూ నియమాలు తిరగేశాను. పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అనుచరుడికి అనుభవ పాయింట్లలో సగం వాటానే. అదే పెట్టేద్దామనుకున్నాను. కానీ కాగితం మీద వేసి చూస్తే అసలు కిటుకు బయటపడింది. అప్పట్లో యోధుడికి లెవెల్ పెరగడానికి కావలసిన పాయింట్లు 2,000, 4,000, 8,000, 16,000 అంటూ రెట్టింపవుతూ పోయేవి. సగం వాటా తీసుకున్నా అనుచరుడు ఒక్క లెవెలే వెనకబడేవాడు. మనం ఆడే అయిదో కూర్పులో అలా కాదు. 10వ లెవెల్‌కు 64,000. అందులో సగం 32,000తో తాత 7 దగ్గరే ఆగిపోతాడు. డ్రాగన్ ఒక్కసారి ఊదితే బూడిదే! దొంగల వాకిట్లో ఎక్కువైనవాడు అక్కడ బరువైపోతాడు. మూడో కూర్పును సవరించిన 3.5లో నాయకుడికంటే కనీసం రెండు లెవెళ్లు తక్కువవాణ్నే చేర్చుకోవాలి, అదీ నాకు నచ్చలేదు.

2020లో వచ్చిన అనుచరుల నియమాల్లో దారి దొరికింది. లెవెల్ జట్టు సగటుతో పాటే పెరుగుతుంది, పెరిగే తీరు మాత్రం వేరు. యోధుడైన అనుచరుడికి కూడా రెండో దెబ్బ 6లో గాని రాదు, అసలు యోధుడికి 5లోనే వస్తుంది. తాతను నేను ఆ యోధుల వరసలోంచే తప్పించి నిపుణుడిగా మార్చాను. నిపుణుడు తన చిన్న చర్యతోనే పక్కవాడికి సాయపడగలడు. ప్రాణబలం జట్టుతో పాటు పెరుగుతుంది, గెలుపు మాత్రం వేరొకరి చేతికి వెళ్తుంది. తాత పాత్ర వివరాలు రాసుకున్న కాగితం కూడా చెల్లెలికే ఇచ్చేశాను. నువ్వు కోప్పడవు కదా? ఆ కాగితం మూలన నీ టీ మరక అలాగే ఉంది.

ఇక ఈ రోజు. లోయ అంచున కోట, మన గండికోటలాగే కింద పెన్న. రాతి రాక్షసుడు ఎదురుగా. చెల్లెలి బాణం తగలాలంటే 15 గాని, ఆపైన గాని పడాలి, అంటే నూటికి 30 పాళ్లే. అప్పుడు తను నా వైపు చూసి, మెల్లగా... రెండుసార్లు దగ్గింది! నీ దగ్గు మామా, అచ్చం నీదే! నేను నేర్పలేదు, మనవాళ్లే చెప్పి ఉంటారు. తాత రాక్షసుడి కాళ్ల దాకా వెళ్లి వాడి కళ్లకు లాంతరు ఎత్తాడు. సాయం ఉంది కాబట్టి పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు, అవకాశం 51 పాళ్లకు పెరిగింది. మొదటిది 4. రెండోది బల్ల మీద దొర్లి దొర్లి, చెంబుకు తగిలి ఆగింది. 19! గది దద్దరిల్లింది. తను కుర్చీ మీదికి ఎక్కి నిలబడింది. డబ్బా మూత ఎక్కడో కింద పడింది, ఇంతవరకూ ఎవరూ వెతకలేదు.

కానీ రాక్షసుడు ఇంకా చావలేదు. వాడి పిడికిలి తాత మీద పడింది. ప్రాణబలం సున్నా. బతకాలంటే మూడుసార్లు 10 గాని, ఆపైన గాని పడాలి. ఇప్పటికి ఒకటి గెలిచాడు, రెండు ఓడాడు. ఇంకొక్కటి ఓడితే అంతే. ఆట అక్కడే ఆపాం.

మిగతా పాచిక తను వేయనంటోంది. నువ్వే వేయాలట. వచ్చే ఆదివారం నాలుగింటికి ఫోను చెయ్యి, నీ ఎర్ర పాచిక దగ్గర పెట్టుకో, అదే, మెట్ల మీద పోగొట్టుకుని

కరెంటు పోయింది మామా, ఇక కనిపించడం లేదు. నాలుగింటికి!

నీ
మామ