బెల్టు పైకి జరగకూడదు బిడ్డా

బిడ్డా,

మొన్న నువ్వు, పతంగి లాగుతుంటే చక్రాల పలక మీద పోయే ఆ ఆటకు ఒంటికి కట్టుకునే రెండు హార్నెస్‌ల ఫొటోలు, నడుముది ఒకటి, తొడ పట్టీలున్న సీటుది ఒకటి, పంపి "ఏది తీసుకోమంటావు నాయినా?" అని అడిగావు. ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ రాత్రంతా అదే ఆలోచన. నడుముకు కట్టుకునేదాని గురించి నన్ను అడిగితే రెండు ముక్కల్లో తేలే పని కాదు. ముప్పై ఏళ్లుగా తాటిచెట్ల మీద బతుకుతున్నవాణ్ని. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నా. తమ్ముడు ఫొటో తీసి పంపుతాడు. నా రాత అర్థం కాకపోతే వాణ్ని అడుగు.

మీ అమ్మకు ఇంకా కోపం తగ్గలేదు. "హాంబర్గ్‌కు చదువుకోమని పంపితే చక్రాల పలక ఎక్కి పతంగితో లాగించుకుంటోందట" అని వాడకట్టులో అందరికీ చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో కోపం ఎంతుందో గొప్ప కూడా అంతే ఉంది, నేను విన్నా. సంక్రాంతికి తమ్ముడి చేతిలో చరఖా పెట్టి పతంగి మాత్రం నువ్వే ఎగరేసేదానివి. నిన్ను ఎవరు ఆపగలరు?

అక్కడి సముద్రపు ఒడ్డు సాంక్ట్ పీటర్ ఓర్డింగ్‌లో తీసిన వీడియో నాలుగైదుసార్లు చూశా. 12 కిలోమీటర్ల పొడవున్న ఇసుక, కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. నాకైతే అదే వింతగా అనిపించింది. ఆ పతంగికి కట్టిన కన్నాల దారాలు లెక్కపెడదామని బొమ్మ ఆపి చూశా, లెక్క కుదరలేదు. మనం రెండు కన్నాలు సరిగ్గా కట్టడానికే సగం పొద్దు పోగొట్టేవాళ్లం. కానీ నేను అన్నిసార్లు చూసింది పతంగి కోసం కాదు. నువ్వు అప్పు తెచ్చుకుని కట్టుకున్న ఆ నడుము బెల్టు కోసం. పతంగి నెత్తి మీదికి రాగానే నువ్వు ఒక చెయ్యి వదిలి బెల్టును కిందికి గుంజుకున్నావు. మూడు నిమిషాల వీడియోలో ఐదుసార్లు గుంజుకున్నావు. నువ్వు గమనించావో లేదో.

బెల్టు పైకి జరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. 2016లో నేను పడ్డది నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నువ్వు ఇంటర్. వాన పడి వెలిసిన పొద్దు, చెట్టు తడిగా ఉంది. కల్లు లొట్టి దింపుకుని సగం చెట్టు దిగాక కాలు జారింది. నన్నూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు, అదే మోకు, తెగలేదు. తెగలేదు కాబట్టే బతికా. కానీ నడుము దగ్గర ఉండాల్సిన మోకు ఒక్క ఊపులో చంకల కిందికి వచ్చేసింది. నా బరువంతా పక్కటెముకల మీద పడింది. రెండు ఎముకలు చిట్లాయి, మూడు నెలలు మంచం. ఊళ్లో అందరూ మోకు కాపాడిందన్నారు, నేనూ అవునన్నా. ఎముకలు విరిచింది కూడా అదేనని మాత్రం ఎవరూ అనలేదు.

కాబట్టి నువ్వు డిస్కౌంట్ ఉందని చూపించిన నడుము హార్నెస్ వద్దు. ఇప్పటికి వద్దు. అది చెడ్డదని కాదు. లోపలి మెత్త మంచిదే, వెనక గట్టి చిప్ప కూడా నడుముకు బాగా ఆనుతుంది. కానీ దాన్ని కింద పట్టి ఉంచేది ఏదీ లేదు. నీ తుంటి ఎముకల మీద నిలబడితే నిలబడాలి, లేదంటే పైకే పోతుంది. నీవి మీ నాయనమ్మ లాగా సన్నటి తుంట్లు. పైగా అక్కడ చలికి నున్నటి జాకెట్ వేసుకుని దాని మీద కడుతున్నావు. నున్నటి బట్ట మీద ఏ బెల్టైనా జారుతుంది.

నేలమీద ఆడేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. నీళ్లలో ఆడేవాళ్లు పడితే నీళ్లలో పడతారు. నువ్వు పడేది గట్టి ఇసుక మీద. పతంగి ఒక్కోసారి ముందుకు, ఒక్కోసారి పక్కకు లాగుతుంది, నెత్తి మీద నిలిపితే నేరుగా పైకి లాగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు భయానికి దాన్ని నెత్తి మీదే పెట్టుకుంటారని నువ్వే చెప్పావు. అంటే పైకి లాగుడు ఎక్కువ నీలాంటివాళ్లకే. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుందని కూడా చెప్పావు. లెక్క నీకే తెలుసు కదా, మళ్లీ మెత్తటిది చూసి మురిసిపోతావెందుకు?

సీటు హార్నెస్ తీసుకో. తొడల కింది నుంచి రెండు పట్టీలు ఉంటాయి చూడు, అవి పతంగిని తగిలించే కొక్కేన్ని బొడ్డు కిందే పట్టి ఉంచుతాయి. లాగుడు పిర్రల మీద, తొడల మీద పడుతుంది గానీ పక్కటెముకల జోలికి పోదు. బరువు కిందుగా ఉంటే నువ్వు కూర్చున్నట్టు వెనక్కి వాలి చక్రాలను ఇసుకలోకి తన్నిపెట్టొచ్చు. చెట్టు మీద మేమూ అంతే, వెనక్కి వాలి మోకు మీద బరువేసి కాళ్లతో చెట్టును తంతాం. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. నడిచేటప్పుడు తొడల దగ్గర ఒరుసుకుంటుంది, నడుము గిరగిరా తిప్పి విన్యాసాలు చేయడానికి అంతగా వీలివ్వదు. విన్యాసాల దాకా వచ్చినప్పుడు చూద్దాం, అప్పుడు నడుముది నేనే కొనిపెడతా.

పట్టీల సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, ఇది నేను ఒళ్లు నొప్పించుకుని నేర్చుకున్నది. 2024లో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' అని ప్రభుత్వం కిట్లు ఇచ్చింది గుర్తుందా? లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి మొదలుపెట్టారు, తర్వాత మా దాకా వచ్చాయి. అందులో కూడా తొడ పట్టీలున్న హార్నెస్ ఉంది. శిక్షణలో నన్ను తాడుకు వేలాడదీశారు. నాకు అన్నీ తెలుసన్న గర్వంతో పట్టీలు నా ఇష్టం వచ్చినట్టు వేసుకున్నా. ఒకటి తొడ మధ్యకు వచ్చింది, ఇంకోటి మెలి తిరిగింది. ఐదు నిమిషాలకు ఎడమ కాలు తిమ్మిరెక్కి నాది కానట్టయింది. శిక్షణ ఇచ్చే పిల్లవాడు నవ్వకుండా దింపి పట్టీని గజ్జల్లోకి జరిపి, మెలి తీసి, మళ్లీ వేలాడదీశాడు. అదే హార్నెస్, అదే నేను. పావుగంట వేలాడినా ఏం కాలేదు. పట్టీ వెడల్పుగా ఉండాలి, గజ్జల దగ్గర చదునుగా కూర్చోవాలి, తొడకూ దానికీ మధ్య అరచెయ్యి దూరాలి. గుప్పిలి దూరితే వదులు.

దుకాణంలో అద్దం ముందు నిలబడి బాగుందనుకోకు. అద్దం ముందు అన్నీ బాగుంటాయి. కట్టుకుని పైనుంచి తాడు వేలాడదీయమని అడుగు, అలాంటి దుకాణాల్లో దానికి ఏర్పాటు ఉంటుందట. కొక్కెం తగిలించుకుని కాళ్లు ఎత్తి పది నిమిషాలు వేలాడు. సిగ్గుపడకు. ఆ జాకెట్, ఆ ప్యాంటు వేసుకునే పో. ఊపిరి బిగబట్టి కాదు, వదిలి బిగించు. తర్వాత గొంతుక్కూర్చుని లే, బూట్ల తాడు కట్టుకున్నట్టు వంగు. పది నిమిషాలయ్యాక కొక్కెం మొదట ఎక్కడుందో అక్కడే ఉందా? నాలుగు వేళ్లు పైకి పోయిందా? నాకు కావాల్సింది ఆ ఒక్క సంగతే. మెత్త ఎంత మందం, రంగేంటి, అవన్నీ తర్వాత.

ముందు కొక్కెం బిగించి ఉండే ఇనప కడ్డీ కొలత కూడా చూసుకో. కడ్డీ పొడవెక్కువైతే రెండు పక్కల పట్టీలు చివరిదాకా గుంజినా బెల్టు బిగుసుకోదు. కొన్న రోజే పట్టీలు చివరికి వచ్చేస్తే అది నీ సైజు కాదు, వాడేకొద్దీ ఇంకా వదులవుతుంది కూడా. కడ్డీ వెనకాల మెత్త ఉన్నదే తీసుకో. బోర్లా పడ్డప్పుడు ఆ కొక్కెం నీ పొట్టలోకి దిగకూడదు.

వీపు వెనక ఒక పిడి ఉంటే మంచిది, పతంగి లేపేటప్పుడు స్నేహితురాలు పట్టుకోవడానికి. చిన్న కత్తి పెట్టుకునే జేబు కూడా ఉందన్నావు, అది నాకు బాగా నచ్చింది. నడుము దగ్గర కత్తి లేకుండా నేను చెట్టెక్కిన రోజు లేదు.

పాతది చవకగా వస్తోందన్నావు కదా, తప్పులేదు. కాకపోతే మోకు చూసినట్టు చూడు. నేను పొద్దున చెట్టెక్కే ముందు మోకును చేత్తో తడుముతూ చుట్టూ చూస్తా, కంటికి కనపడనిది వేలికి తగులుతుంది. పట్టీ కడ్డీకి కలిసేచోట కుట్లు లేచాయా? ఎండకు రంగు వెలిసి పట్టీ గడ్డిపోచలా గరుకుగా ఉందా? కొక్కెం లోపలి వంపులో గాడి పడిందా? ఒక్కటి ఉన్నా వదిలెయ్.

ఇక పతంగిని వదిలించుకునే ఆ రిలీజ్. దానికి 2020లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది, ఐఎస్ఓ 21853 అని, తమ్ముడు చూసి చెప్పాడు. ఆ ప్రమాణం ఉన్నదే తీసుకో. హార్నెస్ కట్టుకున్నాక కళ్లు మూసుకుని చెయ్యి వేస్తే నేరుగా దాని మీదికి పోవాలి. ఇసుక దూరితే బిర్రుగా అవుతుంది, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడుగు. పతంగి లేపే ముందు ప్రతిసారీ ఒకసారి నొక్కి చూడు. ప్రతిసారీ అంటే ప్రతిసారీ.

డబ్బుల గురించి టెన్షన్ పడకు. రెండింటి మధ్య తేడా ఎంతో తమ్ముడికి చెప్పు, నేను పంపిస్తా. ఈసారి తాటిచెట్లకు కల్లు బాగా పారుతోంది.

శనివారం దుకాణానికి పోతానన్నావు. మీకు పొద్దున పదకొండంటే మాకు మధ్యాహ్నం రెండున్నర, నేను ఇంట్లోనే ఉంటా. సాయంత్రం చెట్లకు నాలుగు దాటాకే పోయేది. తాడుకు వేలాడేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. ఫోన్ నీ ముఖం వైపు కాదు, పక్క నుంచి తుంటి కనపడేటట్టు పట్టుకోమని ఎవరికైనా ఇవ్వు. పది నిమిషాలూ చూస్తా. మీ అమ్మ కూడా పక్కన కూర్చుంటానంది, తిట్టడానికే అయినా.

మీ నాయిన