ఏడున్నరకే ఈల ఊదితే ఎట్లా?

సంపాదకుల గారికి,

మా కాలనీ పార్కులో వాకింగ్ ట్రాక్‌కు రంగు టైల్స్ వేస్తున్నారని, ఫౌంటేన్ కూడా వస్తుందని మీ జిల్లా పేజీలో చదివాను. సంతోషమే. కానీ ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో పీఈటీగా మైదానాలు కొలిచి ముగ్గు పోసినవాణ్ణి. ఆ పని పూర్తికాకముందే ఆ టైల్స్ గురించీ, పార్కు గేటు మూసే వేళ గురించీ నా గోడు చెప్పుకోవాలి. దానికి ముందు కొంచెం మంచు సంగతి చెప్పాలి. ఏప్రిల్ నెలలో హనుమకొండలో కూర్చొని మంచు గురించి రాస్తున్నాడేందని నవ్వుకోవద్దు.

2024 జనవరిలో నేనూ మా ఆవిడా అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు మినియాపోలిస్‌లో ఉన్న మా బిడ్డ దగ్గరికి వెళ్లాం. పెట్టెల్లో సగం స్వెట్టర్లే. తీరా పోతే ఆ ఏడు అక్కడ మంచే సరిగా పడలేదు. ఇండ్ల ముందు గడ్డి వరి కోసిన మడిలా ఎండిపోయి ఉంది. ఒక ఆదివారం మా అల్లుడు "మామయ్యా, క్రాస్ కంట్రీ చూద్దురు రండి" అన్నాడు. నేను బూట్ల లేసులు బిగించి కట్టుకున్నాను. మన దగ్గర క్రాస్ కంట్రీ అంటే చేన్ల గట్ల మీద పరుగే కదా! పరకాల దిక్కు పిల్లలను ఎన్నిసార్లు ఉరికించానో లెక్క లేదు.

అక్కడికి పోతే అది స్కీయింగ్. టీవీలో చూపించే కొండ మీది నుంచి జారడం కాదు. ఊళ్లోని పార్కులో, మనం వాకింగ్‌కు పోయినట్టే, స్కీలనే పొడుగాటి పట్టీలు కాళ్లకు తగిలించుకొని, రెండు చేతుల్లో కర్రలతో నెట్టుకుంటూ పోవడం. బూటు ముందు భాగమే పట్టీకి బిగిసి ఉంటుంది, మడమ లేస్తూ దిగుతూ ఉంటుంది. అరవై దాటిన ఆడవాళ్లు మాట్లాడుకుంటూ పోతున్నారు. బండగా చెప్పాలంటే చెమటోడ్చే నడక. థియోడర్ వర్త్ పార్కు అని, 700 ఎకరాలకు పైనే ఉంటుంది. ఎండాకాలం గోల్ఫ్ ఆడే నేల మీదే చలికాలం స్కీ దారి తీస్తారు. మంచు లేదు కదా, మరి దేని మీద పోతున్నారంటే, చలి బాగా పడ్డ రాత్రుల్లో మిషన్లతో నీళ్లను సన్నటి తుంపరలుగా గాలిలోకి చిమ్ముతారట. కింద పడేసరికి అది మంచయిపోతుంది. చూస్తుంటే నాకు మన పల్లికాయ చేన్లలో తిరిగే స్ప్రింక్లర్లు గుర్తొచ్చాయి. చుట్టూ ఎండిన గడ్డి, మధ్యలో తెల్లటి దారి ఒక్కటే మెలికలు తిరుగుతూ ఉంది.

ఆ దారిని ట్రాక్టర్ లాంటి బండితో చదును చేస్తారు. వెడల్పు భాగం దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలతో ఉంటుంది, కాళ్లు అటూ ఇటూ విసురుతూ స్కేటింగ్ పద్ధతిలో పోయేవాళ్లకు. ఒక పక్కన రైలు పట్టాల్లా రెండు గాడులు ఉంటాయి, అవి కాళ్లు నేరుగా జరుపుతూ పోయే పాత పద్ధతి వాళ్లకు. ఈ సంగతి తెలియక నేను ఫొటో కోసం గాడిలోకి అడుగు పెట్టాను. వెనక నుంచి వస్తున్న ఒక పెద్దామె ఆగి, నవ్వుతూనే, పక్కకు నిలబడమని చెప్పింది. వంగి చూసుకున్నాను. నా ఎడమ బూటు ముద్ర నాలుగు వేళ్ల లోతున దిగింది. రాత్రికి అది గడ్డకడితే గుంతలో స్కీ తట్టి మనిషి బోర్లా పడతాడని అల్లుడు చెప్పాడు. తల కొట్టేసినట్టయింది. స్పోర్ట్స్ డే నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేను పోసిన సున్నపు గీతలను తొక్కిన పిల్లల చెవులు ఎన్ని మెలేశానో! డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డాక నేనే గీత తొక్కాను.

ఫిబ్రవరి 17, 18 తేదీల్లో అదే పార్కులో ప్రపంచ కప్ స్కీ పోటీలు జరిగాయి. అమెరికాకు 2001 తరువాత మళ్లీ అప్పుడే వచ్చాయట. సరిగ్గా రెండు రోజుల ముందు అసలు మంచు కూడా పడింది, ఊరంతా పండగ చేసుకుంది. పురుషుల 10 కిలోమీటర్లలో గస్ షూమాకర్ అనే అలాస్కా కుర్రాడు గెలిచాడు. మిన్నెసోటా అమ్మాయే అయిన జెస్సీ డిగ్గిన్స్‌కు మహిళల 10 కిలోమీటర్లలో మూడో స్థానం వచ్చింది. జనం గొంతులు పోయేలా అరిచారు. మా ఆవిడ మాత్రం చాయ్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంది.

అయితే నన్ను పట్టుకున్నది ఆ పోటీలు కాదు. మామూలు రోజుల్లో సాయంత్రం ఐదు దాటేసరికి అక్కడ చీకటి పడుతుంది. అప్పుడు స్కీ దారి వెంట లైట్లు వెలుగుతాయి. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు, బడి పిల్లలు అప్పుడే మొదలుపెడతారు. ఆ ఊరికి చలికాలమే కష్టకాలం, పార్కు ఆ కాలంలోనే నిండుగా ఉంది. స్కీ పాస్‌కు డబ్బులు తీసుకుంటారు, ఊరికే కాదు.

ఇక మన దగ్గర. మేలో 44 డిగ్రీలు మనకు కొత్తేమీ కాదు. సూర్యుడు మునిగేది ఆరూ ముప్పావుకు. వేడి తగ్గి మనిషి అడుగు బయట పెట్టేది ఏడున్నరకు. సరిగ్గా ఆ ఏడున్నరకే మా పార్కులో వాచ్‌మన్ ఈల ఊదుతాడు. "సార్, టైమైంది, గేటేస్తున్న" అంటాడు. అతని తప్పేమీ లేదు. డిసెంబరులో రాసిన టైమింగ్స్ బోర్డే మేలోనూ ఉంటే అతనేం చేస్తాడు? ఈల నా నోట్లో ఉన్నన్నాళ్లూ బాగానే అనిపించింది, ఇప్పుడు వినాలంటేనే చిరాకు.

టైల్స్ సంగతి ఇంకా అన్యాయం. ఇంతకుముందు మాది మొరం ట్రాక్. సాయంత్రం రెండు బక్కెట్ల నీళ్లు చల్లితే చల్లగా ఉండేది, మోకాలికి మెత్తగా ఉండేది. సిమెంటు టైలు పగలంతా తాగిన ఎండను రాత్రి ఎనిమిదింటి దాకా కక్కుతూనే ఉంటుంది. నమ్మకపోతే చెప్పులు విడిచి నిలబడి చూడండి. అడుగు దెబ్బ నేల మింగదు, తిరిగి మోకాలికే వస్తుంది. 2021 సెప్టెంబరులో ఇదే హనుమకొండలో, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి, సింథటిక్ ట్రాక్ మీద. కాలి కింద ఏముండాలో ఈ ఊరికి తెలియదనలేం.

ఇంకోటి. పార్కులో "గడ్డి తొక్కరాదు" బోర్డులు నాలుగున్నాయి. మినియాపోలిస్ పార్కుకు ఎవరి పేరు పెట్టారో ఆ వర్త్ గారు 1906 నుంచి 1935 దాకా ఆ ఊరి పార్కులన్నీ చూసుకున్న అధికారి. ఆయన చేసిన పనుల్లో ఇలాంటి బోర్డులు పీకించడం ఒకటని మా బిడ్డ చదివి చెప్పింది. గడ్డి తొక్కొద్దు, టైల్స్ కాలుతున్నాయి, ఏడున్నరకు గేటు. మనిషి ఎక్కడ నిలబడాలో చెప్పాలి కదా?

అధికారులను నేను అడిగేది పెద్దదేం కాదు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున నాలుగున్నరకు తెరవండి, రాత్రి పదిన్నర దాకా ఉంచండి, ఉన్న లైట్లే వేయండి. టైల్స్ సగం ట్రాక్‌కే వేశారట, మిగతా సగం మొరమే ఉంచండి. పాస్ పెట్టినా సరే, నెలకు యాభయ్యో వందో ఇస్తాం. పొద్దున బ్యాచ్‌లో నేను అందరినీ అడిగాను, ఒక్కరే గొణిగారు.

మొరం తొక్కించడానికి రోలర్ లేదని అంటారేమో. నేను చివర పనిచేసిన బడి ప్రహరీ పక్కన ఇనుప చేతి రోలర్ ఒకటి తుప్పు పట్టి పడి ఉంది, హెడ్మాస్టర్ గారు తీసుకుపొమ్మన్నారు. నెట్టడానికి మా బ్యాచ్‌లో పదకొండు మందిమి ఉన్నాం. అందులో ఇద్దరికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, వాళ్లు నీళ్లు చల్లుతారు.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ