నీ దవడ, ఆ నొప్పి మాత్ర

ప్రియమైన శ్రీనూ,

దవడకు తీగలు కట్టించుకుని నోరు మెదపలేక కూర్చున్నావని తెలిసి బాధేసింది. కానీ ఇన్నేళ్ళకు నువ్వు అడ్డు తగలకుండా నాలుగు మాటలు చెప్పే అవకాశం దొరికింది, వదులుకుంటానా!

ఐబుప్రొఫెన్ వాడితే విరిగిన ఎముక అతకదట, నిజమేనా అని రాశావు. పూర్తిగా అబద్ధమూ కాదు, నీ దవడకు సరిపడే నిజమూ కాదు. దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తయారుచేస్తుంది. నొప్పీ వాపూ చాలావరకు వాటి పనే. ఆస్పిరిన్ లాంటి మందులు (నీ ఐబుప్రొఫెన్ కూడా ఆ జాతిదే) వాటి తయారీకే అడ్డుపడతాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో తేల్చాడు. చిక్కంతా ఇక్కడే ఉంది: ఎముక అతుక్కోవడానికీ అవే కావాలి. వాటిని తయారుచేసే కాక్స్-2 ఎంజైమ్ పుట్టుకతోనే లేని చిట్టెలుకల్లో విరిగిన ఎముకలు సరిగా అతకలేదని 2002లో బయటపడింది. నిన్ను పట్టుకున్న భయం అలాంటి పరిశోధనలదే.

అయితే ఆ ఎలుకలకు ఎంజైమ్ జీవితాంతం లేదు, నువ్వు మందు వేసుకునేది కొద్ది రోజులు. పైగా ఇలాంటి ప్రయోగాలు ఎక్కువగా కాలి ఎముకల మీద జరిగాయి. కాలి ఎముకలు మొదట మృదులాస్థిగా ఏర్పడి తర్వాత గట్టిపడతాయి. ముఖం ఎముకలు చాలావరకు ఆ దశ లేకుండా పొర నుంచి నేరుగా ఎముకవుతాయి. ఎలుక కాలి లెక్క తెచ్చి నీ దవడకు అంటగట్టడం నాకు నచ్చదు.

నన్నడిగితే ముఖానికి దెబ్బ తగిలిన మొదటి గంటల్లో ఎముక కన్నా రక్తస్రావానికే భయపడాలి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణం ఆస్పిరిన్ సోకితే తాను బతికే వారం పది రోజులూ మళ్ళీ కోలుకోదు. కంటిగుంట వెనక రక్తం చేరి కంటి నరాన్ని నొక్కిందంటే చూపే పోవచ్చు. అందుకే పరీక్ష కాకముందు ఆస్పిరిన్ మింగకూడదు. గుండె జబ్బుకని రోజూ వేసుకునేవాళ్ళు మాత్రం సొంతంగా మానెయ్యకుండా డాక్టరుకు చెప్పాలి.

నువ్వు ఆ దశ దాటావు. ఇప్పుడు నీ అసలు గండం వాంతి. తీగలు కట్టి ఉండగా వాంతి అయితే ఊపిరాడకపోవచ్చు. మార్ఫిన్ జాతి మందులు తెప్పించేది సరిగ్గా ఆ వికారాన్నే. మామూలు నొప్పి మందులతో సరిపెట్టడానికి డాక్టర్లు చూసేది ఇందుకు కూడా. తీగలు కత్తిరించే పనిముట్టు ఎప్పుడూ చేతికందేలా పెట్టుకో, ఎక్కడ కత్తిరించాలో ఇంట్లోవాళ్ళకు చూపించమను. మాత్ర మింగలేవు కాబట్టి నీకిచ్చింది సిరప్పే అయ్యుంటుంది. చెంచాతో ఉజ్జాయింపుగా పోసుకోకు, కొలత కప్పు వాడు. పారాసెటమాల్ అయితే జలుబు మందులో కూడా అదే ఉందేమో చూడు, రెండూ కలిసి మోతాదు మించితే కాలేయానికి దెబ్బ.

ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు రాశారో సీసా మీద చూసి వెంటనే రాయి. చేతులకు తీగలు కట్టలేదు కదా!

నీ
రవి